కోకా సుబ్బారావు

కోకా సుబ్బారావు (1902–1976) భారత సర్వోన్నత న్యాయస్థానానికి తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి, ఆ పీఠమెక్కిన తొలి తెలుగువాడు. రాజమహేంద్రవరంలో న్యాయవాది కుటుంబంలో జన్మించి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అక్కడే న్యాయవాదిగా పేరు గడించి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, 1954లో, గుంటూరులో నెలకొన్న హైకోర్టుకు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో ఆ న్యాయస్థానం హైదరాబాదుకు తరలి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయింది.

1958 జనవరి 31న సుప్రీంకోర్టులో చేరిన సుబ్బారావు, పౌరహక్కుల పక్షాన నిర్భయంగా వెలువరించిన భిన్నాభిప్రాయాలకు, అనగా అధిక సంఖ్యాకుల తీర్పుతో విభేదించి విడిగా రాసిన తీర్పులకు, ప్రసిద్ధుడు. పోలీసులు అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టి నిఘా వేయడాన్ని ప్రశ్నించిన ఖడక్ సింగ్ కేసులో (1962), వ్యక్తిగత గోప్యత స్వేచ్ఛలో అంతర్భాగమని ఆయన రాసిన మాటను యాభై ఏళ్లు దాటాక, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం సమర్థించింది.

1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యాక ఆయనకు దక్కింది తొమ్మిది నెలల పైచిలుకు కాలమే. పంజాబు భూపరిమితి చట్టంపై తలెత్తిన గోలక్‌నాథ్ కేసులో 1967 ఫిబ్రవరి 27న, ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు నిలవగా, ప్రాథమిక హక్కులను హరించే రాజ్యాంగ సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పు వెలువడింది. అయితే అప్పటికే అమలైన భూసంస్కరణలు తలకిందులు కాకుండా, తీర్పు ఇకముందు జరిగే సవరణలకే వర్తించాలనే సూత్రాన్ని సుబ్బారావు అమెరికా న్యాయస్థానాల నుంచి స్వీకరించాడు. 1973లో కేశవానంద భారతి కేసు ఈ తీర్పును తోసిపుచ్చినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదన్న హద్దును నిలిపింది. 1967 ఏప్రిల్ 10న విదేశాలకు వెళ్లడం పౌరుని స్వేచ్ఛలో భాగమని మరో తీర్పు చెప్పగా, ఆ ఏడే పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

ఆ తీర్పు మరునాడే సుబ్బారావు రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీచేసి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయాడు. ప్రధాన న్యాయమూర్తి పీఠం నుంచి నేరుగా రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగినవాడు ఆయనొక్కడే.