యాభై దగ్గర నిలపడం: దక్షిణాదిలో లోడ్ డిస్పాచ్ ఇంజనీరింగ్ చరిత్ర

విద్యుత్ వ్యవస్థలో ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సరితూగాలి. వాడకం పెరిగితే జనరేటర్ల వేగం తగ్గుతుంది, వాడకం పడిపోతే పెరుగుతుంది. ఆ వేగాన్ని చూపే అంకె ఫ్రీక్వెన్సీ. భారతదేశంలో అది 50 హెర్ట్జ్. థర్మల్ కేంద్రంలోని రెండు ధ్రువాల జనరేటర్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 50 వస్తుంది, 2,940 తిరిగితే 49. ఈ అంకెను అదుపులో ఉంచేవాడు లోడ్ డిస్పాచ్ ఇంజనీరు. అతని పని సవ్యంగా సాగినంత కాలం ఆ పని ఒకటుందన్న సంగతే ఎవరికీ తెలియదు.

మొదట్లో ఈ పని ఒక్క గదిలో ముగిసేది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన థర్మల్ కేంద్రం లాంటివి ఒక నగరానికో, కొన్ని పేటలకో కరెంటు ఇచ్చేవి. అలాంటి కేంద్రాల కంట్రోల్ రూముల్లో రీడ్ మీటరు ఉండేది. అందులో సన్నని ఉక్కు రేకులు వరసగా బిగించి ఉంటాయి. ప్రతి రేకూ ఒక్కో ఫ్రీక్వెన్సీకి స్పందిస్తుంది. 50 దగ్గరి రేకు అదురుతుంటే దాని తెల్లని కొన విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తుంది. పక్క రేకు అదరడం మొదలైతే ఆపరేటర్ లేచి ఆవిరి కవాటం సర్దాలి.

రెండో యంత్రాన్ని నడుస్తున్నదానితో కలపడం అంతకంటే కష్టమైన విద్య. రెండింటి మధ్య మూడు బల్బులు కలిపేవారు. వేగాల్లో తేడా ఉంటే బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. తేడా తగ్గేకొద్దీ ఆ వెలుగు నిదానిస్తుంది. బల్బులు పూర్తిగా ఆరిన క్షణంలో స్విచ్ వేయాలి. తొందరపడితే షాఫ్టు విరిగేంత దెబ్బ తగులుతుంది. తర్వాత సింక్రోస్కోపు ముల్లు, ఆపైన ఆటోమేటిక్ రిలేలు వచ్చాయి. అయినా స్విచ్ ముందు ఓపిగ్గా నిలబడి సరైన క్షణం కోసం కాచుకోవడం ఆ తరం ఇంజనీర్లకు మొదటి పాఠం.

కేంద్రాలను లైన్లతో కలిపాక పని స్వరూపం మారింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పైకారా జలవిద్యుత్ 1932లో, మెట్టూరు 1937లో మొదలయ్యాయి. ఆంధ్ర వైపు పెద్ద మలుపు మాచ్‌ఖండ్. డుడుమ జలపాతం దగ్గర ఒరిస్సాతో కలిసి కట్టిన ఈ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. పూర్తి సామర్థ్యం 114.75 మెగావాట్లు. అడవిలో పుట్టిన కరెంటు కోస్తా పట్టణాలకు చేరసాగింది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1964లో దక్షిణ ప్రాంతీయ విద్యుత్ బోర్డు ఏర్పడ్డాయి. నాలుగు రాష్ట్రాల లైన్లు కలిసేసరికి ఎక్కడో కేరళలో ఒక యూనిట్ ఆగినా హైదరాబాద్ కంట్రోల్ రూములో ముల్లు కదిలేది. అక్కడి ఇంజనీరు చేతిలో కవాటం లేదు, ఫోను మాత్రమే ఉంది. అది కరెంటు తీగల మీదనే మాటను మోసే క్యారియర్ ఫోను. ఫ్రీక్వెన్సీ పడిపోతే అతను సబ్‌స్టేషన్లకు వరసగా ఫోన్లు చేసి 33 కేవీ ఫీడర్లు తీయించేవాడు. ఈ అత్యవసర కోతనే నేటికీ శాఖలో ఈఎల్‌ఆర్ అంటారు.

1980లు, 90లు ఈ వృత్తికి గడ్డుకాలం. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో వచ్చింది, 400 కేవీ లైన్లు పరుచుకున్నాయి, అయినా వాడకం ముందే పరుగెత్తింది. బోరుబావుల మోటార్లు లెక్కకు మించి పెరిగాయి. సాయంత్రాల్లో దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 48 దరిదాపుల్లో ఉండేది. వానలు పడి మోటార్లు ఆగిన రాత్రుల్లో 51 దాటేది. 48 దగ్గర గ్రిడ్ కుప్పకూలకుండా నిలిచిందంటే దానికో కారణం ఉంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే మోటార్లూ నెమ్మదించి తక్కువ కరెంటు లాగుతాయి, ఆ మేరకు భారం తనంతట తానే తగ్గుతుంది. అందుకు మూల్యం చెల్లించినవాడు రైతు. పంపు నీరు తక్కువ పోసేది, దానికి తోడు లో ఓల్టేజీకి మోటారు కాలేది. థర్మల్ కేంద్రాలకూ ముప్పే. బాయిలర్‌కు నీరందించే పంపులు, ఫ్యాన్లు మందగించి ఉత్పత్తి ఇంకా పడిపోయేది. 47.5 దగ్గరకు వస్తే టర్బైన్ రేకులు దెబ్బతినకుండా యూనిట్‌ను గ్రిడ్ నుంచి తప్పించాల్సిందే.

ఈ దుస్థితికి కారణం కరెంటు కొరత ఒక్కటే కాదు. తన వాటా కంటే ఎక్కువ లాగిన రాష్ట్రానికి నష్టం లేదు, అర్ధరాత్రి అక్కరలేని కరెంటు తయారుచేసిన కేంద్రానికీ నష్టం లేదు. బతిమాలడం, హెచ్చరించడం తప్ప డిస్పాచర్ దగ్గర ఆయుధం లేదు. పవర్‌గ్రిడ్‌లో పనిచేసిన భానుభూషణ్ ముందుకు తెచ్చిన అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ ఈ చిక్కు విప్పింది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2000 జనవరిలో దానికి ఉత్తర్వు ఇచ్చింది, దక్షిణాదిలో 2003 జనవరి 1న అమలైంది. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేశారు. ప్రతి భాగానికీ ముందే షెడ్యూలు ఉంటుంది. షెడ్యూలు తప్పితే ఆ సమయానికి ఉన్న ఫ్రీక్వెన్సీని బట్టి ధర కట్టాల్సి వచ్చేది. తొలి పట్టికలో 50.5 దగ్గర ధర సున్నా, 49.02కు దిగితే యూనిట్‌కు రూ. 4.20. మీటరు ముల్లే ధరల పట్టిక అయింది. దశాబ్దాల విజ్ఞప్తులు చేయలేని పనిని ఈ ఏర్పాటు నెలల్లో చేసింది. భారత విద్యుత్ రంగంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చిన సంస్కరణ మరొకటి కనిపించదు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు దక్షిణ గ్రిడ్ వేరు కాపురమే. చంద్రాపూర్–రామగుండం మార్గం, విశాఖ గాజువాక వంటి చోట్ల ఏసీని డీసీగా మార్చి మళ్ళీ ఏసీ చేసే కేంద్రాల ద్వారానే ఇరుగుపొరుగు గ్రిడ్లతో ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది. అందువల్లనే 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలు చీకటిలో మునిగినా దక్షిణాది నిలబడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీదకు వచ్చింది. 2003లో 49.0–50.5గా ఉన్న అనుమతి పరిధి 2014 నాటికి 49.90–50.05కి కుదించుకుపోయింది.

ఈ విద్యకు బహిరంగ పరీక్ష 2020 ఏప్రిల్ 5న ఎదురైంది. రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు ఇళ్ళల్లో దీపాలు ఆర్పాలని పిలుపు వచ్చింది. 12,000 నుంచి 14,000 మెగావాట్లు తగ్గుతుందని ఇంజనీర్లు లెక్క వేశారు. తగ్గింది సుమారు 31,000. జలవిద్యుత్ యూనిట్లను ముందే పూర్తిగా నడిపి, దీపాలు ఆరేకొద్దీ దించుతూ 17,500 మెగావాట్లకు పైగా కోశారు, మళ్ళీ వెంటనే పెంచారు. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్యనే ఉంది. బొగ్గు కేంద్రానికి ఇంత చురుకుదనం ఉండదు, నీటికి ఉంటుంది.

నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడింటిని, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరింటిని రివర్సిబుల్ టర్బైన్లతో పెట్టడం వెనుక ఉన్న ముందుచూపు ఇదే. మిగులు కరెంటు ఉన్న వేళ నీటిని పైకి తోడి, కొరత వేళ దించుతాయవి. సాగర్ దిగువన తోడాల్సిన నీటిని నిలిపే టెయిల్‌పాండ్ ఏళ్ళ తరబడి పూర్తికాక ఆ సదుపాయం చాలాకాలం వృథాగా పడి ఉంది. అనంతపురం, కర్నూలు సోలార్ పార్కులు సూర్యాస్తమయంతో చేతులెత్తేసే ఈ కాలంలో ఆ యూనిట్ల విలువ ఇంకా పెరిగింది.

పొలం దగ్గర కూడా గ్రిడ్‌కు సాయం చేయవచ్చు. ఆటో స్టార్టర్లు ఉన్నచోట త్రీఫేజ్ కరెంటు రాగానే ఫీడర్‌లోని మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ముందు దెబ్బ తగిలేది ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కే. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక ఆటో స్టార్టర్లు తీసివేయమని అధికారులు రైతులను కోరారు. ఎప్పుడైనా కరెంటు ఉండేచోట వాటి అవసరం లేదు. రైతులు వాటిని తీసేసి, మోటార్లను ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ నిలుస్తుంది, భూగర్భజలం మిగులుతుంది, కంట్రోల్ రూములో ముల్లు కూడా కుదురుగా ఉంటుంది.