గ్రామలెక్కల తాళాలు: ఉత్తరాంధ్రలో కరణీకం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల భూమి శిస్తు చరిత్రలో ఒక చిక్కు రెండు శతాబ్దాలపాటు కొనసాగింది. లెక్క ఊరిదే అయినా, దాన్ని రాయడం, దాచడం, చదివి చెప్పడం అనే మూడు అధికారాలూ కరణం చేతిలోనే ఉండేవి. కరణం అంటే సాగుభూమి, పంట, శిస్తు, బాకీల వివరాలను నమోదు చేసే గ్రామోద్యోగి. ఆయన వృత్తే కరణీకం. తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించే ఈ వృత్తిలో నియోగులతోపాటు, ఉత్తరాంధ్రలో శిష్టకరణాలనే సామాజిక వర్గం వారు కూడా తరతరాలుగా జీవించారు.

కాగితం అందుబాటులోకి రాకముందు ఈ లెక్కలను తాటాకుల మీద గంటంతో గీసి, ఆకులకు రంధ్రం చేసి, దారంతో కట్టి దాచేవారు. ఈ కట్టనే కవిలె అనేవారు. కాగితం వచ్చాక కరణాలు గొలుసుకట్టు రాతను వాడారు. కలం ఎత్తకుండా, అక్షరాన్ని అక్షరంతో కలుపుతూ సాగే ఈ రాత వేగం కోసమే పుట్టినా, బడిలో అచ్చుపుస్తకం చదివి అక్షరాలు నేర్చినవారికి అది కొరుకుడు పడేది కాదు. ఆ విధంగా, ఎవరూ ప్రత్యేకంగా పన్నకపోయినా, లెక్క చుట్టూ ఒక రహస్యం ఏర్పడింది.

అంకెల విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. ధాన్యపు కొలతలో పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు కావడంతో, భిన్నాల లెక్క కూడా నాలుగేసి భాగాలుగానే సాగేది. పాతిక, అంటే నాలుగో వంతు, ఒక నిలువు గీత. అర రెండు గీతలు. ముప్పాతిక మూడు గీతలు. దాని తర్వాతి మెట్టు వీసం, అంటే పదహారో వంతు. దానికి అడ్డగీత గీసేవారు. అరవైనాలుగో వంతుకు మళ్ళీ నిలువు గీతే వస్తుంది కనుక, గీత రూపాన్నే కాక దాని స్థానాన్ని కూడా గుర్తెరిగినవారే మొత్తాన్ని సరిగా కూడగలిగేవారు. వాడుక నుంచి పూర్తిగా తప్పుకున్న ఈ భిన్నాల గుర్తులకూ, తూము గుర్తుకూ 2008లో యూనికోడ్ ప్రమాణంలో చోటు దక్కింది.

1765లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమైనప్పుడు, చికాకోల్ సర్కారుగా పేరుపడిన ఈ ప్రాంతంలో వాస్తవంగా ఎంత వసూలవుతున్నదో తెలుసుకోవడం కొత్త పాలకులకు కష్టమైంది. ఊరూరా ఆదాయాన్ని ఆరా తీసేందుకు 1775లో నియమించిన సర్క్యూట్ కమిటీని 1778లో నిలిపివేసి, 1783లో తిరిగి నెలకొల్పారు. చివరకు 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం జరిగి, 24 పరగణాలు, 1,157 గ్రామాలు గల విజయనగరం జమీందారీకి ఏటా 5 లక్షల రూపాయల పేష్కష్ ఖాయమైంది. జమీందారు సర్కారుకు చెల్లించే స్థిరమైన కప్పమే పేష్కష్. దీనితో సర్కారుకు రావలసింది తేలింది గాని, రైతు చెల్లించేది మాత్రం దివాణానికీ కరణానికీ మధ్యనే ఉండిపోయింది. ఈ లోటును పూడ్చడానికే అదే సంవత్సరం 29వ రెగ్యులేషన్ వచ్చింది; కరణం లెక్కలను న్యాయస్థానాల ముందు పెట్టాలనీ, కోర్టు తీర్పు లేకుండా జమీందారు కరణాన్ని తొలగించరాదనీ అది నిర్దేశించింది. లెక్క బయటికి వచ్చే దారి ఏర్పడినా, దాన్ని రాసే చెయ్యి మారలేదు.

స్వాతంత్ర్యానంతరం 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఈ విషయంలో మరింత ముందుకు వెళ్ళింది. భూమితోపాటు ఎస్టేటుకు చెందిన లెక్కలు, రిజిస్టర్లు, పట్టాలు, ముచ్చిలికలు, పటాలు స్వాధీనం చేసుకునే అధికారాన్ని 3వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ముచ్చిలిక అంటే పట్టాకు బదులుగా రైతు రాసి ఇచ్చే ఒప్పుకోలు పత్రం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం, 1979 జూన్ 1న విజయనగరం జిల్లాలుగా ఏర్పడినా, గ్రామస్థాయిలో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో చూపే అడంగల్ కరణం వద్దే కొనసాగింది. గ్రామోద్యోగాలకు వంశహక్కు చెల్లదని 1960లో సుప్రీంకోర్టు తీర్పునివ్వగా, 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా ఆ పదవులనే రద్దు చేసింది. ఆ రద్దును సుప్రీంకోర్టు 1985లో సమర్థించింది.

తర్వాతి దశ కంప్యూటర్‌ది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కార్డ్ అనే కంప్యూటర్ నమోదు విధానం మొదలైంది. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైటు ద్వారా అడంగల్‌ను, భూమి హక్కులను చూపే 1బి పత్రాలను రైతు స్వయంగా చూసుకోగలిగాడు. అయినా జమాఖర్చులు ఎక్సెల్ పట్టికల్లోకి చేరిన చోటల్లా పాత చిక్కు కొత్త రూపంలో కనిపిస్తుంది. పట్టికలో మార్పులు జరగకుండా వేసే రక్షణ, అంకెలను దాచదు. ఫైలు తెరవడానికే పెట్టే పాస్‌వర్డ్ మాత్రం, 2007 నుంచి వచ్చిన రూపాల్లో, మొత్తం విషయాన్ని గుప్తలిపిగా మార్చేస్తుంది. దాన్ని మరచిపోతే తయారీ సంస్థ అయిన మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు. కరణం పదవి నుంచి తొలగినా కవిలె మిగిలేది, గొలుసుకట్టు తెలిసిన మరొకరు దాన్ని చదివేవారు. పాస్‌వర్డ్ పెట్టిన గుమాస్తా బదిలీ అయితే, వేరే ప్రతి లేని పక్షంలో ఏమీ మిగలదు.

1802 నుంచి 1984 దాకా వచ్చిన చట్టాలన్నీ ప్రజల లెక్కను వ్యక్తి అధీనం నుంచి తప్పించడానికే ప్రయత్నించాయి. ఆ ప్రయత్నం వృథా కాకూడదంటే, ఏ కార్యాలయంలోనైనా, ఏ సంఘంలోనైనా ఫైలు పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు బాధ్యుల వద్ద నమోదై ఉండాలి, తాళం లేని ఒక ప్రతి భద్రంగా ఉండాలి, ఉద్యోగి బాధ్యతలు అప్పగించే జాబితాలో తాళపుచెవులతోపాటు ఆ పాస్‌వర్డు కూడా చేరాలి.