పోయిన మూటకు వెల: రవాణాదారు బాధ్యత చరిత్రలో ‘ప్రకటిత విలువ’

ఉపోద్ఘాతం

కొరియరు కార్యాలయంలో పార్సెలు అప్పగించేటప్పుడు ఇచ్చే రసీదులో ‘సరుకు విలువ’ అనే చిన్న గడి ఒకటి ఉంటుంది. పంపేవారు దానిని ఖాళీగా వదలడమో, ఎక్కువ రాస్తే రుసుము పెరుగుతుందన్న జంకుతో నామమాత్రపు అంకె వేయడమో పరిపాటి. పార్సెలు క్షేమంగా చేరినంత కాలం ఆ గడికి ఏ ప్రాధాన్యమూ లేదు. అది దారిలో పోయిననాడు మాత్రం ఇరవై వేల రూపాయల సరుకుకు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టడానికి సంస్థ చూపే ఆధారం అదే. ఈ అంకెకు ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎవరి ప్రయోజనం కోసం పుట్టింది అన్న ప్రశ్నలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజూ దైవమూ మినహా

భారతీయ ధర్మశాస్త్ర సంప్రదాయం దాచుకొన్నవాడికీ మోసుకుపోయేవాడికీ మధ్య భేదం పాటించింది. నిక్షేపంగా ఉంచిన వస్తువును దొంగలు ఎత్తుకుపోయినా, నీరు కొట్టుకుపోయినా, నిప్పు కాల్చినా, దాచుకొన్నవాడు అందులోంచి ఏమీ తీసుకొని ఉండకపోతే తిరిగి ఇవ్వనక్కరలేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయం చివర పడవవాళ్ల ప్రస్తావనకు వచ్చేసరికి స్వరం మారుతుంది. వారి తప్పువల్ల పడవలోని సరుకు పాడైతే వారంతా కలిసి తలా ఒక భాగం చెల్లించాలి. దైవికంగా జరిగిన నష్టానికి మాత్రం దండన లేదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం ఈ సూత్రాన్ని మరింత బిగించింది. రాజువల్ల గాని దైవంవల్ల గాని కాక మరే కారణంచేత సరుకు పోయినా వాహకుడు దాని వెల ఇచ్చుకోవాలి. ప్రయాణం మొదలయ్యే వేళ ఆటంకం కలిగించిన వాహకుడు కూలికి రెట్టింపు చెల్లించాలి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన చేతిలో ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యరూపం పొందింది. కాబట్టి ఈ వ్యవహారశాస్త్రం తెలుగు పాఠకుడికి పరాయిది కాదు.

దైవంతో పాటు రాజును కూడా మినహాయింపుగా చెప్పడం గమనార్హం. సరుకుకు రాజు ప్రమాదకారి కావడం ఊహాజనితమైన భయం కాదనడానికి తెలుగునేల మీదనే సాక్ష్యం ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ప్రకారం, తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్త వస్తువులనూ పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు వర్తకులకు మాట ఇచ్చాడు. ఈ శాసనాన్ని సాధారణంగా విదేశీ వాణిజ్య ప్రోత్సాహానికి ఉదాహరణగానే చూపుతారు. నష్టపోయినంత మాత్రాన సరుకు మీద యజమాని హక్కు నశించదన్న సూత్రానికి రాజముద్ర వేసిన పత్రంగా కూడా దానిని చదవవలసి ఉంది.

మేకుల సంచిలోని నూరు పౌన్లు

ఇంగ్లండులో సాధారణ రవాణాదారు బాధ్యత దాదాపు ఇదే అచ్చులో ఏర్పడింది. దైవికమైన ఆపద, రాజశత్రువుల చర్య తప్ప తక్కిన అన్ని నష్టాలకూ అతడే పూచీదారు. ఇక్కడ రాజు, అక్కడ రాజశత్రువు అన్న తేడా మాత్రం కనిపిస్తుంది. 1703 నాటి కాగ్స్-బెర్నార్డ్ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఈ కాఠిన్యానికి కారణం చెప్పాడు. దారిదోపిడి దొంగలతో రవాణాదారు లాలూచీ పడితే దానిని రుజువు చేయడం సరుకుదారుకు సాధ్యం కాదు. 1785లో ఫార్వర్డ్-పిటార్డ్ వ్యాజ్యంలో, తన తప్పేమీ లేకుండా రేగిన మంటలో కాలిపోయిన సరుకుకు కూడా రవాణాదారు బాధ్యుడేనని లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు ఇచ్చాడు.

‘ప్రకటిత విలువ’ అనే భావన ఈ కాఠిన్యానికి ప్రతిక్రియగా బలపడింది. 1769 నాటి గిబ్బన్-పేంటన్ వ్యాజ్యంలో ఒకడు నూరు పౌన్ల డబ్బును పాత మేకుల సంచిలో ఎండుగడ్డి మధ్య దాచి, బర్మింగ్‌హామ్ నుంచి లండన్ వెళ్లే బండిలో పంపాడు. సంచి చేరింది, గడ్డి చేరింది, డబ్బు చేరలేదు. ముందుగా తెలిపి తగిన రుసుము చెల్లిస్తే తప్ప డబ్బుకూ నగలకూ పూచీ పడనని బండి యజమాని అంతకుముందే పత్రికలో ప్రకటించాడు, కరపత్రాలు పంచాడు. మోయడానికి తీసుకొనే ప్రతిఫలం మోసే ప్రమాదానికి తగినట్టుగా ఉండాలని, విలువ దాచినవాడు ఆ ప్రతిఫలాన్ని ఎగవేసినట్టేనని మాన్స్‌ఫీల్డ్ భావించి బండి యజమాని పక్షాన తీర్పు చెప్పాడు.

ఈ తర్కంలో న్యాయం లేకపోలేదు. అయితే ఇక్కడ సరుకుదారు అసలు సంగతి తెలిసీ దాచాడు. నేటి రసీదు మీద గడిని ఖాళీగా వదిలే వ్యక్తి దేన్నీ దాచడం లేదు. ఆ గడి తన హక్కును నిర్ణయిస్తుందని అతడికి తెలియదు. మేకుల సంచి కోసం పుట్టిన సూత్రం తెలియనితనానికి కూడా వర్తించడం ఈ చరిత్రలోని అసలు మలుపు.

గిబ్బన్ తీర్పు తరువాత ఇంగ్లండులో బండ్ల కార్యాలయాల గోడలు నోటీసులతో నిండిపోయాయి. సరుకు పంపినవాడు ఆ నోటీసు చూశాడా, చూస్తే చదవగలడా అన్నది ప్రతి వ్యాజ్యంలోనూ వివాదమైంది. 1830 నాటి రవాణాదారుల చట్టం దీనికి ముగింపు పలికింది. జాబితాలోని విలువైన వస్తువుల ఖరీదు పది పౌన్లు దాటితే ముందుగా ప్రకటించాలి, లేకపోతే పరిహారం లేదు. తక్కిన సరుకు విషయంలో గోడనోటీసుతో బాధ్యతను తగ్గించుకోవడానికి వీలు లేదు.

దేశభాషలో నోటీసు

ఆ ఆంగ్ల చట్టం ఛాయలోనే భారతదేశంలో 1865 నాటి మూడో చట్టం వచ్చింది. పది పౌన్ల స్థానంలో ఇక్కడ నూరు రూపాయలు. అనుబంధ జాబితాలో బంగారం, వెండి, ముత్యాలు, గడియారాలు, హుండీలు, పట్టు, శాలువలు, గాజు సామాను, దస్తావేజులతో పాటు ‘వ్రాతలు’ కూడా ఉన్నాయి. అంటే వ్రాతప్రతులను పంపేవాడు కూడా నూరు రూపాయలకు మించిన వాటి విలువను ముందే చెప్పి తీరాలి. జాబితాలో లేని సరుకు విషయంలో యజమాని గాని అతడి అధికారం పొందినవాడు గాని సంతకం చేసిన ప్రత్యేక ఒప్పందం ఉంటేనే బాధ్యత తగ్గుతుంది. రవాణాదారు నిర్లక్ష్యాన్ని వాది రుజువు చేయనక్కరలేదని తొమ్మిదో సెక్షన్ చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం వస్తువు అప్పగింపు పొందినవాడి నుంచి సాధారణ వివేకవంతుడి శ్రద్ధను మాత్రమే ఆశించింది. అయినా, 1865 చట్టపు కఠినబాధ్యతను అది తగ్గించలేదని 1891లో ఇరావతి ఫ్లోటిల్లా కంపెనీ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ స్పష్టం చేసింది.

ఈ చట్టం నాలుగో సెక్షన్‌లోని ఒక షరతు మీద పరిశోధకుల దృష్టి పడవలసి ఉంది. విలువైన వస్తువులకు హెచ్చు రుసుము వసూలు చేయదలచిన రవాణాదారు ఆ రేటును సరుకు స్వీకరించే చోట ఆంగ్లంలోనూ, తాను వ్యాపారం చేసే ప్రాంతపు దేశభాషలోనూ రాయించి లేదా అచ్చువేయించి ప్రదర్శించాలి. ఆ లెక్కన తెలుగు ప్రాంతపు కార్యాలయంలో తెలుగు నోటీసు ఉండవలసిందే. వలసపాలన నాటి శాసనకర్తలను మెచ్చుకోవలసిన సందర్భాలు అరుదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేటి రసీదు వెనుక చీమతలల్లాంటి ఆంగ్లాక్షరాలలో ముద్రించే నిబంధనల కంటే ఆనాటి చట్టమే సామాన్యుడికి దగ్గరగా ఉంది.

ఆ చట్టం ‘సాధారణ రవాణాదారు’ నిర్వచనం నుంచి ప్రభుత్వాన్ని మినహాయించింది. అందువల్ల దేశంలో అతి పెద్ద మోతగాడైన తపాలాశాఖ దాని పరిధిలోకి రాలేదు. కంపెనీ కాలంలో మనుషులు కావడి మోసి చేరవేసిన సామాను తపాలాకు ‘బంగీ’ అని పేరు. ఆ మాట తెలుగులో పార్సెలుకు పర్యాయంగా చాలాకాలం నిలిచింది. 1898 నాటి తపాలా చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, తాను స్పష్టంగా ఒప్పుకొన్న మేరకు తప్ప బంగీ పోయినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత లేదు. అలా ఒప్పుకొన్న సందర్భాలలో ముఖ్యమైనది బీమా తపాలా. అందులోనూ పరిహారం బీమా మొత్తాన్ని దాటదు, పోయిన వస్తువు విలువనూ దాటదు. ఎక్కువ బీమా చేసినవాడికి అదనంగా ఒరిగేదేమీ లేదు, తక్కువ చేసినవాడు ఆ తేడాను తానే భరించాలి. 1986లో స్పీడ్‌పోస్టు మొదలైంది. 1999 నాటి నిబంధన ప్రకారం స్పీడ్‌పోస్టు వస్తువు పోతే చెల్లించిన రుసుముకు రెట్టింపు, లేదా వెయ్యి రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇచ్చేవారు. యాజ్ఞవల్క్యుడు ప్రయాణానికి అడ్డుపడిన మోతగాడికి విధించిన రెట్టింపు కూలి, ఇక్కడ సరుకునే పోగొట్టిన మోతగాడి బాధ్యతకు గరిష్ఠ పరిమితి అయింది. 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 నాటి కొత్త తపాలా చట్టం కూడా నిబంధనలు నిర్దేశించిన మేరకే బాధ్యత అన్న పాత వైఖరినే కొనసాగించింది.

సంతకం బరువు

ప్రైవేటు కొరియరు సంస్థలు పుంజుకొన్న కాలంలోనే 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. ఈ రెండూ ఢీకొన్న ముఖ్య సందర్భం భారతి నిట్టింగ్ కంపెనీ, డి.హెచ్.ఎల్. వరల్డ్‌వైడ్ ఎక్స్‌ప్రెస్ కొరియర్ మధ్య నడిచిన వ్యాజ్యం. 1990 మేలో జర్మనీలోని కొనుగోలుదారుకు పంపిన పత్రాల కవరు చేరలేదు. వేసవి సరుకు అదను తప్పడంతో అతడు ధర తగ్గించాడు. రాష్ట్ర కమిషన్ నాలుగు లక్షల పైచిలుకు రూపాయల పరిహారం ఇవ్వాలన్నది. జాతీయ కమిషన్ దానిని రసీదులోని షరతు మేరకు నూరు డాలర్లకు కుదించింది. 1996లో సుప్రీంకోర్టు జాతీయ కమిషన్ నిర్ణయాన్నే సమర్థించింది. షరతులున్న పత్రం మీద సంతకం చేసినవాడు వాటికి కట్టుబడి ఉండాలన్నది తీర్పు సారం.

1865 చట్టంలో యజమాని సంతకం అతడికి రక్షణ. ఆ సంతకం లేనిదే రవాణాదారు బాధ్యత తగ్గదు. 1996 నాటికి అదే సంతకం రవాణాదారుకు కవచమైంది. ఒకే సూత్రానికి ఇవి రెండు ముఖాలని న్యాయశాస్త్రం సమాధానం చెప్పవచ్చు. అయితే వ్యాపారి తీరికగా చదివి చేసే సంతకమూ, వెనుక పదిమంది వరుసలో నిలబడి ఉండగా బల్ల దగ్గర గీసే గీతా ఒకటి కావు. ఈ తేడాను వినియోగదారుల కమిషన్లు పూర్తిగా విస్మరించలేదు. సంతకం లేని, వివరించని సూక్ష్మముద్రణ షరతులు పంపినవారిని బంధించవని పలు సందర్భాలలో తీర్పులు వచ్చాయి. నిర్లక్ష్యాన్ని వాది రుజువు చేయనక్కరలేదన్న పాత సూత్రం వినియోగదారుల కమిషన్లలోనూ వర్తిస్తుందని 2000లో పటేల్ రోడ్‌వేస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది.

నేటి స్థితి

1865 చట్టాన్ని రద్దుచేసి దాని స్థానంలోకి వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011లో అమలైంది. ఇంటి నుంచి ఇంటికి చేరవేసే కొరియరు సంస్థను అది పేరు పెట్టి సాధారణ రవాణాదారుగా గుర్తించింది. దైవిక ఆపద, యుద్ధం, అల్లర్లు, న్యాయప్రక్రియలో జరిగిన స్వాధీనం, ప్రభుత్వ ఆజ్ఞ దాని మినహాయింపులు. స్మృతికారుడి రాజూ, ఆంగ్ల న్యాయమూర్తి రాజశత్రువూ ఇందులో పక్కపక్కనే చోటు చేసుకొన్నారు. పంపినవారు హెచ్చు విలువకు హెచ్చు రుసుము చెల్లించని పక్షంలో, 2011 నిబంధనల మేరకు బాధ్యత రవాణా రుసుముకు పదిరెట్లు. అదీ ప్రకటించిన విలువను మించరాదు. నూటయాభై రూపాయలు చెల్లించి పంపిన ఇరవై వేల రూపాయల చీరలు పోతే రావలసింది పదిహేను వందలు. విలువ గడిలో వెయ్యి అని రాసి ఉంటే వెయ్యి మాత్రమే. విశ్వవిద్యాలయ పట్టా పోతే ఈ లెక్కకు అర్థమే ఉండదు. దానికి బజారులో ధర లేదు, పోగొట్టుకొన్నవాడికి అది లేకుండా గడవదు.

బీమా వేరుగా చేసినా లోటు లోటుగానే మిగులుతుంది. వాస్తవ విలువ కంటే తక్కువకు బీమా చేసినవారు మిగిలిన భాగానికి తమకు తామే బీమాదారు అయినట్టు 1963 నాటి సముద్ర బీమా చట్టం 81వ సెక్షన్ భావిస్తుంది. ఈ సూత్రాన్ని అనుసరించే బీమా పత్రంలో, ఇరవై వేల సరుకుకు పదివేల బీమా ఉండి సగం సరుకు పాడైతే చేతికి వచ్చేది పదివేలు కాదు, అయిదు వేలు.

పరిహారం కోరడానికి గడువులు కూడా చిన్నవే. 2007 చట్టం ప్రకారం సరుకు అప్పగించిన నాటి నుంచి 180 రోజులలోగా రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా దావా నిలవదు. సంస్థ ‘వెతుకుతున్నాం’ అంటూ నెలలు గడిపే తీరు ఈ గడువును ఎలా తినివేస్తుందో చెప్పనక్కరలేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు వ్యవధి రెండేళ్లు. 2019 చట్టం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేసుకొనే వీలు కల్పించింది. పరిమితిని దాటి పరిహారం కోరేవారికి అందులోని ‘అన్యాయ ఒప్పందం’ అనే కొత్త భావన కూడా ఒక ఆధారం. వినియోగదారు హక్కులలో గణనీయమైన మార్పు తెచ్చే ఏకపక్ష ఒప్పందాలను ఇది ప్రశ్నిస్తుంది. అయితే అన్యాయ ఒప్పందాలపై ఫిర్యాదులు వినే అధికారాన్ని చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. పోయిన మూట సంగతి ఆదిలాబాదులోనో శ్రీకాకుళంలోనో వినవచ్చు. ఆ మూట వెలను పదిహేను వందలకు కుదించిన షరతు న్యాయమైనదా కాదా అని తేల్చమని అడగాలంటే హైదరాబాదుకో విజయవాడకో ఫిర్యాదు పంపవలసిందే.