పిల్లల మనోవర్తి: ఉత్తర్వు ఒకటి, వసూలు ఇంకొకటి

పోషించని తండ్రి మీద బిడ్డ తరఫున మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళే హక్కు కొత్తదని చాలామంది అనుకుంటారు. కాదు. 1872 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే అది ఉంది. 1898 కోడ్‌లో అదే 488వ సెక్షను అయింది. కుటుంబ పోషణ విషయం నేరాల విచారణకు సంబంధించిన చట్టంలోకి ఎందుకు వచ్చిందో ఆలోచించండి. దిక్కులేని వారు వీధిన పడకుండా చూడటమే వలస ప్రభుత్వ ఉద్దేశం. అందువల్లనే మతభేదం లేకుండా, వివాహేతర సంతానానికి కూడా ఈ సెక్షను వర్తించింది. ఉద్దేశం ఇరుకైనదే గాని ఫలితం విశాలమైనది.

మొత్తం మాత్రం స్వల్పం. 1898లో నెలకు 50 రూపాయలు మించరాదు. 1955లో ఆ పరిమితి 500కు చేరింది. 1973 కోడ్‌లో 125వ సెక్షనుగా మారినా 500 అలాగే ఉండిపోయింది. కొన్ని రాష్ట్రాలు సొంత సవరణలతో పెంచుకున్నాయి. కేంద్ర చట్టంలో పరిమితిని తొలగించింది 2001లోనే.

అసలు చిక్కు ఉత్తర్వు తరువాత మొదలవుతుంది. చెల్లించకపోతే మేజిస్ట్రేటు జరిమానా వసూలుకు ఇచ్చినట్లే వారంటు జారీ చేస్తాడు. అప్పటికీ కట్టకపోతే, బకాయి పడిన ఒక్కో నెల భృతికి నెల వరకు జైలు. కొందరు తండ్రులు దీన్ని తమకు అనుకూలంగా మలచుకున్నారు: "జైలుకు పోయి వచ్చాను, ఇక బాకీ లేదు" అన్నారు. 1988లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. జైలు వసూలుకు ఒత్తిడి మాత్రమే, డబ్బు కడితేనే బాకీ తీరుతుంది అని చెప్పింది. ఈ అంశంలో నా దృష్టికి ఇదే అతి ముఖ్యమైన తీర్పు.

అయితే మరో నిబంధనను మీరు గమనించాలి. బకాయి చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఈ సెక్షను కింద వారంటు రాదు. మన ఊళ్ళలో పెద్దమనుషులు "కాస్త ఓపిక పట్టమ్మా, ఇస్తాడులే" అంటుంటారు. తల్లి ఓపిక పట్టినకొద్దీ పాత నెలలు ఒక్కొక్కటే చేజారిపోతాయి.

జీతగాడైతే సివిల్ కోర్టు దారి కొంత మెరుగు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మనోవర్తి డిక్రీకి జీతంలో మూడో వంతుకే రక్షణ ఉంటుంది. మిగిలినది జప్తు చేయవచ్చు. మామూలు అప్పులకైతే జీతానికి ఇంతకంటే చాలా ఎక్కువ రక్షణ ఉంది. కాని రోజుకూలీకి, చిల్లర వ్యాపారికి జప్తు చేయడానికి జీతమేది? 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ దాఖలు చేయాలన్నది. భృతిని దరఖాస్తు తేదీ నుంచే ఇవ్వాలన్నది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 144వ సెక్షను. నెల జైలు, ఏడాది గడువు రెండూ అందులోనూ ఉన్నాయి.