విద్యా స్వీయభావన

చదువు విషయంలో విద్యార్థి తన గురించి తాను ఏర్పరచుకున్న అంచనాను విద్యా స్వీయభావన అంటారు. ‘లెక్కలు నాకు ఇట్టే వస్తాయి’, ‘ఇంగ్లీషు నా వల్ల కాదు’ అనే మాటల్లో బయటపడేది అదే. దీన్ని ఒక్క ముద్దగా చూడకుండా సబ్జెక్టుల వారీగా విడదీసి చూడాలని 1976లో షావెల్సన్, హబ్నర్, స్టాంటన్ ప్రతిపాదించారు. మార్కులు ఈ అంచనాను మారుస్తాయి, ఈ అంచనా మళ్లీ మార్కులను మారుస్తుంది. ప్రభావం రెండు వైపులా ఉంటుందన్నదే ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకుల మాట.

అయితే మార్కులొక్కటే దీన్ని నిర్ణయించవు. లెక్కల్లో ఎనభై, తెలుగులో తొంభై అయిదు తెచ్చుకున్న పిల్ల ‘నాకు లెక్కలు రావు’ అనగలదు. తన సబ్జెక్టులనే ఒకదానితో ఒకటి పోల్చుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. హెర్బర్ట్ మార్ష్ 1986లో దీన్ని వివరించారు. పక్కవాళ్లతో పోల్చుకోవడం ఇంకా బలమైనది. సమాన ప్రతిభ గల ఇద్దరిలో, గట్టివాళ్ల మధ్య చదివేవారి స్వీయభావన తగ్గుతుంది. ‘చిన్న చెరువులో పెద్ద చేప’ ప్రభావంగా పేరుపడ్డ ఈ ధోరణి, 26 దేశాల్లో పదిహేనేళ్ల విద్యార్థులపై మార్ష్, హౌ 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ కనిపించింది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఈ ప్రభావానికి అనువైన బడులు చాలానే ఉన్నాయి. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల పద్ధతి మరుసటి ఏడాది తాడికొండకు వచ్చింది. ప్రవేశ పరీక్షలో నెగ్గి వచ్చిన ఊరి ఫస్టులందరూ అక్కడ ఒకే తరగతిలో కూర్చున్నారు. ఆ తరగతిలోనూ ఒకరు చివరి ర్యాంకులో ఉండక తప్పదు. పదో తరగతి మార్కులతో పిల్లల్ని చేర్చుకునే ఒంగోలు ట్రిపుల్ ఐటీకీ ఇదే వర్తిస్తుంది. పేరున్న బడిలో సీటు వచ్చిందన్న గర్వం కొంత ఆసరా ఇస్తుంది గానీ, హాంకాంగ్‌లో జరిగిన ఒక అధ్యయనంలో అది పోలిక వల్ల కలిగే నష్టాన్ని పూడ్చలేకపోయింది. వారం వారం ర్యాంకులు గోడకు అంటించే కోచింగ్ కళాశాలలు ఆ పోలికను కావాలని పెంచుతున్నాయి.

ఇదే ప్రాంతంలోని నల్లరేగడి పల్లెల్లో స్వీయభావన తగ్గడానికి మరో కారణం ఉంది. మిర్చి కోతలు జనవరి నుంచి వార్షిక పరీక్షల దాకా సాగుతాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లలు కొందరు బడి మాని, కల్లంలో తాలుకాయలు ఏరుతూ కూర్చుంటారు. తిరిగి బడికి వెళ్లేసరికి తరగతి భిన్నాలు దాటి దశాంశాల్లో ఉంటుంది. తప్పిపోయింది పాఠమే అయినా, తనకు తెలివి లేదని పిల్లవాడు అనుకుంటాడు. టీచరూ ఒక్కోసారి అదే అంటారు. ఇలాంటి పిల్లలకు ధైర్యవచనాలు చాలవు, ఆ భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.