సిగరెట్ పీక వయసెంత?

చుట్టకీ పీక మిగులుతుంది, బీడీకీ మిగులుతుంది. కానీ ఇవాళ ఇరానీ హోటళ్ల ముందు, బస్టాపుల్లో కాళ్ల కింద పడే పీక వేరే జాతిది. చుట్ట మొత్తం పొగాకే. బీడీ అంటే తునికాకు, పొగాకు, కాస్త దారం. ఆజమాబాద్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి హైదరాబాదుని దశాబ్దాలపాటు ఏలిన చార్మినార్ సిగరెట్‌కీ ఫిల్టర్ లేదు. వేళ్లు చురుక్కుమనేదాకా పీల్చి పారేస్తే, మిగిలిన కాగితం ముక్క వానకి నానిపోయేది. (ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. దాని చెత్త వీధికి కాదు, అంగిలికి, క్యాన్సర్‌గా.)

వీధిని పాడు చేస్తున్నది ఫిల్టర్. చూస్తే దూదే అనుకుంటాం. కాదు, అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ పోగుల కట్ట. 1950లో అమెరికాలో అమ్ముడైన సిగరెట్లలో నూటికి ఒక్కదానికైనా ఫిల్టర్ లేదు. 1960కల్లా దాదాపు సగానికి వచ్చేసింది. మధ్యలో జరిగింది భయం. 1952 చివర్లో రీడర్స్ డైజెస్ట్ సిగరెట్‌కీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి రాసింది. మరుసటేడు ఎలుకల చర్మానికి సిగరెట్ తారు పూసి చేసిన ప్రయోగాల్లో కణుతులు లేచాయి. కంపెనీలు ఇచ్చిన జవాబు ఫిల్టర్. కెంట్ సిగరెట్ గొప్పగా చెప్పుకున్న 'మైక్రోనైట్' ఫిల్టర్‌లో 1956 దాకా ఉన్నది ఆస్బెస్టాస్! ఇక ఆర్.జె. రేనాల్డ్స్ రసాయనవేత్త క్లాడ్ టీగ్ 1953లో ఇంకో ఉపాయం చెప్పాడు: పొగ తగిలితే ఫిల్టర్ రంగు మారాలి. దానివల్ల వడపోత పెద్దగా మెరుగవ్వదని ఆయనే రాసుకున్నాడు. కానీ అమ్మకాలకి లాభం. కాల్చేవాడు గోధుమరంగు తిరిగిన కొసని చూసి, హమ్మయ్య, విషం ఇక్కడే ఆగింది అనుకుంటాడు. ఫిల్టర్ వల్ల సిగరెట్ సురక్షితం కాలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ధైర్యం చెప్పడానికి పుట్టిన ఆ ముక్క మాత్రం ఏళ్ల తరబడి కాలవల్లో ఉండిపోతోంది.

మరి ఊడ్చే ఖర్చు ఎవరిది? చాలాకాలం తప్పంతా విసిరేసినవాడిదే అన్నారు. 2015లో పారిస్ జరిమానాని 68 యూరోలకి పెంచింది. అదే ఏడు లండన్ విలియర్స్ స్ట్రీట్‌లో రెండు అరల డబ్బా పెట్టి, రొనాల్డోనా మెస్సీనా, మీ పీకతో ఓటెయ్యండి అన్నారు. సరదా ఆలోచనే, కాదనను. కానీ నాకు 2019 యూరోపియన్ యూనియన్ చట్టం అసలు చోట చెయ్యి పెట్టిందనిపిస్తుంది. ఫిల్టర్‌లో ప్లాస్టిక్ ఉందని ప్యాకెట్ మీద రాయాలి, ఊడ్చే ఖర్చు తయారీదారులు పెట్టుకోవాలి అంది.

మన దగ్గర 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం ఉంది. ఆ జాబితాలో సిగరెట్ పెట్టెకి చుట్టే పలచటి ప్లాస్టిక్ పొర ఉంది. లోపలి ఫిల్టర్ లేదు.