పాతకాలపు ఫైరింజన్ల పోత బొమ్మలు: సేకరణ చరిత్ర

పాతకాలపు అగ్నిమాపక శకటాలను చిన్న కొలతల్లో పోతపోసిన లోహపు బొమ్మలను కూడబెట్టడం ఒక అభిరుచి. గుర్రాలు లాగిన ఆవిరి పంపుల నుంచి పొడవాటి నిచ్చెనలు మోసే మోటారు బండ్ల దాకా దాదాపు అన్ని రకాల ఫైరింజన్లకూ ఇలాంటి నమూనాలు ఉన్నాయి. పిల్లల ఆటవస్తువులుగా మొదలై, 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఇవి పెద్దల బీరువాల్లోకి చేరాయి. ఒకే అచ్చులోంచి వేలల్లో, లక్షల్లో వచ్చిన బొమ్మల మధ్య తేడాలు వెతకడమే ఈ అభిరుచికి ప్రాణం.

అచ్చు, లోహం

ఈ బొమ్మల పోత పద్ధతిని మన నేల మీది పాత పోత పద్ధతితో పోల్చి చూడవచ్చు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఉషేగావ్ వంటి ఊళ్లలో ఓజా అనే లోహశిల్పులు మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలాల్సిందే. అందుకే అక్కడ ఒక బొమ్మలా మరొకటి ఉండదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా ఇదే.

ఫైరింజన్ బొమ్మలు చేసే డై-కాస్టింగ్ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. రెండు భాగాల ఉక్కు అచ్చులోకి కరిగిన లోహాన్ని ఒత్తిడితో పంపుతారు. అది గడ్డకట్టగానే అచ్చు తెరిచి బొమ్మను తీసి, మళ్లీ అదే అచ్చును మూస్తారు. తొలినాళ్ల బొమ్మల్లో సీసం ఎక్కువగా ఉండేది. 1929లో అమెరికాకు చెందిన న్యూజెర్సీ జింక్ కంపెనీ జమాక్ అనే మిశ్రమలోహాన్ని రూపొందించింది. జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిపాటి మెగ్నీషియం, రాగి కలిసిన ఈ లోహం సన్నని గీతలను కూడా పట్టేది. నిచ్చెన మెట్లు, గంట, గొట్టపు చుట్ట స్పష్టంగా అచ్చుపడటం దీనితో తేలికైంది.

బ్రిటన్‌లో ఎదుగుదల

లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ అధిపతి ఫ్రాంక్ హార్న్‌బీ తన బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి చిన్న వాహనాలు తయారు చేయించాడు. 1934లో వాటికి డింకీ టాయ్స్ అనే పేరు స్థిరపడింది. 1936లో ఈ వరుసలో ఫైరింజన్ వచ్చింది. ఆ రైళ్ల కొలతకు దగ్గరగా ఉన్న 1:43 ప్రమాణం తర్వాత నమూనా కార్ల లోకానికి కొలబద్ద అయింది.

లెస్నీ సంస్థ భాగస్వామి జాక్ ఓడెల్ కూతురు చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మను మాత్రమే తెచ్చుకోనిచ్చేవారు. ఆమె కోసం ఆయన చేసిన బుల్లి రోడ్డు రోలరే 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ వరుసకు బీజం. అందులో తొమ్మిదో నంబరుగా 1955లో డెన్నిస్ ఫైరింజన్ వచ్చింది. తొలి రూపానికి ముందు బంపర్ లేదు, 1957 నాటి రూపానికి ఉంది. 1959లో ఆ నంబరు మెర్రీవెదర్ మార్క్విస్ ఫైరింజన్‌కు దక్కింది. ఒకే నంబరు కింద మూడు బండ్లు ఉండటం సేకరణకర్తలకు ఇష్టమైన చిక్కుముడి.

పాతకాలపు వాహనాల కోసమే లెస్నీ 1956లో 'మోడల్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్' వరుస తెచ్చింది. 1960లో అందులో వచ్చిన షాండ్ మేసన్ గుర్రపు ఫైరింజన్ ఈ అభిరుచిలో ప్రసిద్ధం. తొలి బొమ్మల పక్కన 'కెంట్' అని ఉంటుంది, గుర్రాలు తెలుపు లేదా బూడిద రంగువి. తర్వాతి వాటిపై 'లండన్' అని ఉంటుంది, గుర్రాలు నల్లవి. కెంట్ రకానికే గిరాకీ ఎక్కువ. 1956లో మొదలైన కోర్గీ బ్రాండు 1964లో సైమన్ స్నార్కెల్ ఫైరింజన్‌ను తెచ్చింది. దాని పొడవాటి చేయి పైకి లేచేది.

మూతపడిన ఫ్యాక్టరీలు

లివర్‌పూల్‌లోని మెకానో ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. 1982లో లెస్నీ, 1983లో కోర్గీ తయారీదారు మెట్టాయ్ దివాలా తీశాయి. ఆ తర్వాత, పిల్లలు అరగదీసిన బొమ్మలకు విలువ పెరిగింది. 1990ల చివర్లో అమెరికాలో కోడ్ 3 కలెక్టిబుల్స్ వంటి సంస్థలు ఆటతో పని లేకుండా నేరుగా పెద్దల కోసమే 1:64 కొలతలో ఫైరింజన్లు చేశాయి.

భారతదేశంలో

వాడి పక్కన పెట్టిన డింకీ అచ్చులు కొన్ని 1960ల చివర్లో కలకత్తా చేరాయి. వాటితో పోసిన బొమ్మలు నిక్కీ టాయ్స్ పేరుతో అమ్ముడయ్యాయి. రంగుల్లో, అడుగు పలకపై పేరులో తేడాలు ఉండటంతో విదేశీ సేకరణకర్తలు కూడా వీటి కోసం వెతుకుతారు.

విలువ, భద్రత

అసలు రంగు, విరగని నిచ్చెన, చిరగని అట్టపెట్టె ఉంటేనే పూర్తి ధర. మళ్లీ రంగు వేస్తే బొమ్మ మెరుస్తుంది, విలువ పడిపోతుంది. జింకులో సీసం వంటి మలినాలు చేరిన పాత బొమ్మలు ఉబ్బి, పగుళ్లుబారి, చివరికి పొడిగా రాలిపోతాయి. దీన్ని జింక్ పెస్ట్ అంటారు, దీనికి మందు లేదు. గాలిలో తేమ దాన్ని త్వరపెడుతుంది కనుక వానాకాలంలో బొమ్మలను పొడిచోట ఉంచాలి.

అసలు బండి

తెలుగునేలతో ముడిపడిన పాతకాలపు ఫైరింజన్ ఒకటి నిలువెత్తు రూపంలోనే మిగిలింది. ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌కు చెందిన జాన్ మోరిస్ అండ్ సన్స్ నుంచి 1914లో నిజాం రైల్వే దాన్ని కొన్నది. ఇప్పుడది ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో నడిచే స్థితిలో ఉంది, స్టేట్స్‌మన్ పాతకార్ల ర్యాలీలోనూ పాల్గొంటూ వచ్చింది.